వాయి దింపగానే పళ్ళెంలోకి

మొదటిసారి ఇంటికి పదిమందిని పిలిచి కరకరలాడే పీత ముక్కలు, అంటే పీత మాంసాన్ని చిన్న ఉండలు చుట్టి బ్రెడ్ పొడి అద్ది వేయించేవి, చేసిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. ఏడింటికి రమ్మన్నాను. ఆరింటికల్లా 40 ముక్కలూ వేయించేసి, హాట్‌ప్యాక్‌లో సర్ది, మూత బిగించి, హమ్మయ్య అనుకుని స్నానానికి వెళ్ళాను. అందరూ వచ్చి కూర్చున్నాక మూత తీశాను. మూత లోపల పట్టిన నీటి బొట్లు జారి ముక్కల మీద పడ్డాయి. పైన ఉన్నవి చెమ్మగిల్లి జిగురుగా ఉన్నాయి. అడుగున ఉన్నవి నూనె పీల్చుకుని మెత్తబడ్డాయి. ఒక ముక్క చేత్తో తీస్తే పైపొర ఊడి వేలికి అంటుకుంది. వచ్చినవాళ్ళు "రుచి బాగుంది" అన్నారు. నా మనసు నొప్పించకూడదని అలా అన్నారని తెలుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి నా వాదన ఒకటే. అతిథుల కోసం పీత ముక్కలు చేసేటప్పుడు వేయించడం తప్ప మిగతా పనంతా ముందే ముగించాలి. వేయించడం మాత్రం వాళ్ళు వచ్చి కూర్చున్నాకే మొదలుపెట్టాలి. ఆరేసి ముక్కల చొప్పున వేసి, వాయి దింపగానే చేతికివ్వాలి. బల్ల మధ్యలో నిండుగా అమర్చిన పళ్ళెం ఫొటోలో అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పళ్ళెం నిండేలోపు మొదట వేయించినవి పాడైపోతాయి. ఎవరికి పెట్టాలని ఇంత శ్రమ పడ్డామో వాళ్ళకు చల్లారిన ముక్క అందుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే బాణలిలో ఏం జరుగుతుందో చూడాలి. పీత మాంసంలో దాదాపు 80 శాతం నీరే. 180 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నూనెలో ముక్క పడగానే పైన ఉన్న నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది. మనం చూసే బుడగలు ఆ ఆవిరే. అలా పైపొర ఎండిపోయి గట్టిపడుతుంది. తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆరాక గానీ 140 దాటదు, అప్పుడే ఎర్రబడటం మొదలవుతుంది. ఈ రంగు, ఈ కమ్మటి వాసన ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి చేసే పని, ఆ చర్యను ఫ్రాన్స్ శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించాడు. ఇంతవరకూ అందరికీ బాగానే కుదురుతుంది.

అసలు కథ ముక్క పైకి తీశాక మొదలవుతుంది. పైపొర పొడిగా ఉంది, లోపల ఇంకా తడి ఉంది. ఆ తడి ఊరుకోదు, మెల్లగా పైపొరలోకి వస్తూనే ఉంటుంది. గాలి ఆడేలా ఉంచితే ఆవిరిగా పోతుంది. మూత పెడితే అదే ఆవిరి నీరై మళ్ళీ ముక్క మీదే పడుతుంది. వేడిగా ఉంచాలని మూత పెట్టడం, ఒకదాని మీద ఒకటి పేర్చడం, అల్యూమినియం ఫాయిల్ చుట్టడం మూడూ ఆ పొరను తడిపే పనులే. మా వంటింట్లో నేను గమనించినంతవరకు మూత లేకుండా తీగల జాలీ మీద ఉంచినా పది నిమిషాలు దాటాక మొదటి ముక్కకున్న కరకర ఉండదు. అందుకే నలభై నిమిషాల ముందు వేయించిన ముక్కను ఎంత బాగా చేసినా కాపాడలేం.

ఇక పీత విషయానికి వద్దాం. పీత అనండి, ఎండ్రకాయ అనండి, బతికున్నప్పుడే తెచ్చి వండాలని పెద్దవాళ్ళు చెప్పడంలో చాలా అర్థం ఉంది. అది చచ్చిపోగానే దాని జీర్ణగ్రంథిలోని ఎంజైములు మాంసాన్ని కరిగించడం మొదలుపెడతాయి, బ్యాక్టీరియా కూడా తొందరగా పెరుగుతుంది. ఉడికించి ఒలిస్తే వచ్చే మాంసం పీత మొత్తం బరువులో పావు వంతు, చాలా రకాల్లో అంతకంటే తక్కువ. అందుకే ఒలిచి అమ్మే మాంసం కొంటే నేను తప్పు పట్టను. అతిథులు వచ్చే ముందు రోజు రెండు గంటలు పీతలు ఒలుచుకుంటూ కూర్చోలేం అనేవాళ్ళు హాయిగా అదే కొనుక్కోవచ్చు. గడ్డకట్టించినదైతే ముందు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. తొందరపడి వేడినీళ్ళలో పెడితే పైన మెత్తబడి లోపల గడ్డగానే ఉంటుంది.

ఇక్కడ చాలామందితో నేను విభేదించే మాట ఒకటుంది. మధ్య భాగంలో దొరికే పెద్ద పెద్ద తెల్లటి ముక్కలే గొప్పవని అందరూ వాటి వెంట పడతారు. అవి నిజంగా గొప్పవే, కానీ చిన్న వేపుడు ముక్కల్లో వాటికి పనిలేదు. 25 గ్రాముల ఉండ చుట్టేసరికి అవి ఎలాగూ చితికిపోతాయి. డెక్కల మాంసం కాస్త ముదురు రంగులో, పీచుపీచుగా ఉంటుంది, రుచి ఘాటుగా ఉంటుంది. వేగిన పొర, గుడ్డు, నిమ్మ ఇన్ని కలిసినా పీత రుచి తెలియాలంటే ఆ ఘాటే కావాలి. పీచు ఒకదానికొకటి పెనవేసుకుంటుంది కాబట్టి ఉండ కూడా విడిపోకుండా నిలబడుతుంది. పెద్ద ముక్కలు దొరికితే పెనం మీద వెన్నతో వెచ్చబెట్టి విడిగా తినండి, వాటి అందం తెలుస్తుంది.

పెంకు ఏరడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తొందరపడేది ఇక్కడే. "పెంకు తీసినది" అని డబ్బా మీద రాసి ఉన్నా నమ్మవద్దు. నేను రెండు స్టీలు గిన్నెలు పక్కపక్కన పెట్టుకుంటాను. ఒకదాంట్లోని మాంసాన్ని చిటికెడు చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సుతారంగా నలిపి, కాస్త ఎత్తు నుంచి రెండో గిన్నెలో వేస్తాను. మాంసం పడితే చప్పుడు ఉండదు. పెంకు ముక్క ఉంటే ‘టింగ్’మంటుంది. కంటికి కనపడనిది చెవికి దొరుకుతుంది. ఇంట్లో టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి, పావుగంట ఈ పనే చేస్తాను. తర్వాత నల్లటి పళ్ళెంలో పలచగా పరిచి దీపం కింద ఇంకోసారి చూస్తాను. 500 గ్రాముల మాంసంలో గోరంత పెంకులు ఆరో ఏడో దొరికిన రోజులున్నాయి. అతిథి పంటి కింద అందులో ఒక్కటి పడితే చాలు, ఆ తర్వాత ప్రతి ముక్కా భయంభయంగానే కొరుకుతారు. ఎంత కరకరలాడినా ఆ భయం పోదు. గట్టి పొర మధ్యలో గట్టి పెంకు కూడా ఉంటే ఏది ఏదో నాలుకకు తెలియదు మరి.

ఏరిన మాంసాన్ని జల్లెడలో వేసి, గరిటెతో మెల్లగా అదిమి, 20 నిమిషాలు వదిలేయండి. గడ్డకట్టించినదైతే కింద గిన్నెలో చేరే నీరు చూసి ఆశ్చర్యపోతారు. ఆ నీరు పారబోయను, దాని రుచి బాగుంటుంది కాబట్టి ఫ్రీజర్‌లో దాచి తర్వాత సూప్‌లో కలుపుతాను. ఈ నీరు తీయకుండా ఉండ కడితే అది చేతికి అంటుకుంటుంది. అంటుకుంటోందని బ్రెడ్ పొడి కలుపుతాం, ఇంకా అంటుకుంటోందని ఇంకాస్త కలుపుతాం. చివరికి పీత పేరుతో బ్రెడ్ ఉండ తయారవుతుంది. చాలా చోట్ల నేను తిన్నవి ఇలాంటివే. లోపల మెత్తటి పిండి ముద్ద, ఎక్కడో పీత వాసన. ఇంట్లో చేసుకునే మనకు ఆ ఖర్మ ఎందుకు?

నా కొలతలు ఇవి. 500 గ్రాముల పీత మాంసానికి ఒక గుడ్డు, మూడు పెద్ద చెంచాల మయొనైజ్, చెంచాడు ఆవపేస్టు, ఒక నిమ్మకాయ తొక్క తురుము, రెండు ఉల్లికాడలు సన్నగా తరిగినవి, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బ్రెడ్ పొడి. బ్రెడ్ పొడిని 40 గ్రాములు దాటనివ్వను. ముందు పీత తప్ప మిగతావన్నీ బాగా కలిపేసి, చివర్లో మాంసం వేసి వేళ్ళతో పైపైన కలపాలి. పిసికితే పీచు పోయి ముద్దయిపోతుంది. కలపగానే వదులుగా అనిపిస్తుంది. కంగారుపడి ఇంకేమీ వేయకండి. మూత పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే బ్రెడ్ పొడి తడిని పీల్చుకుంటుంది, మయొనైజ్ చల్లబడి బిగుస్తుంది, అప్పుడు ఉండ దానంతటదే కుదురుతుంది. వెల్లుల్లి ముద్ద, మసాలా పొడులు వద్దంటే కొందరు చప్పగా ఉంటుందంటారు. పీత మాంసంలో సన్నటి తీపి ఉంది. మసాలా గట్టిగా వేస్తే ముందు పోయేది అదే. కారం ఇష్టమైనవాళ్ళ కోసం పక్కన ఘాటైన సాస్ పెడతాను, ఎవరికి ఎంత కావాలో వాళ్ళు అద్దుకుంటారు. సాస్ ముక్కల మీద పోయడం మాత్రం ఎప్పుడూ చేయను. నిమ్మరసం కూడా అంతే. కొరికే ముందు ఎవరి ముక్క మీద వాళ్ళు పిండుకోవాలి.

ఒక్కో ఉండ 25 గ్రాములు చేస్తే పాతిక దాకా వస్తాయి. ముందు రోజు రాత్రే ఉండలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పైపొర మాత్రం వేయించడానికి గంట ముందే అద్దాలి. రాత్రే అద్దేస్తే తెల్లారేసరికి బ్రెడ్ పొడి లోపలి తడిని పీల్చి మెత్తబడి ఉంటుంది. ఉండను ముందు కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించి, ఎక్కువైంది దులిపేసి, గిలకొట్టిన గుడ్డులో ముంచి, చివరగా పెద్ద రవ్వలాంటి బ్రెడ్ పొడి అద్దాలి. మైదా బదులు కార్న్‌ఫ్లోర్ ఎందుకంటే, మైదాలో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది తడిని పట్టి ఉంచి సాగుతుంది. కార్న్‌ఫ్లోర్‌లో ఉన్నది దాదాపు అంతా పిండిపదార్థమే, వేగితే పెళుసుగా విరుగుతుంది. బియ్యప్పిండి కూడా ఈ పని బాగానే చేస్తుంది. జపాన్ వాళ్ళ పాంకో అనే బ్రెడ్ పొడి దొరికితే ఇంకా మంచిది. దాని కోసం రొట్టెను విద్యుత్ ప్రవాహంతో కాలుస్తారు కాబట్టి గోధుమరంగు అంచు కట్టదు, పొడి తేలికపాటి పొరలుగా వస్తుంది. ఆ పొరల మధ్య ఖాళీల్లోంచి ఆవిరి తేలిగ్గా బయటపడుతుంది.

నూనె బాణలిలో కనీసం 5 సెంటీమీటర్ల లోతు ఉండాలి. 175 నుంచి 180 డిగ్రీలు. థర్మామీటర్ ఉంటే టెన్షన్ ఉండదు. లేకపోతే చెక్క గరిటె కాడ నూనెలో ముంచితే దాని చుట్టూ చిన్న బుడగలు చకచకా లేవాలి. ఒక వాయికి ఆరే ఉండలు. పన్నెండు వేస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, ఆవిరి బలంగా రాదు, పొర గట్టిపడేలోపు నూనె పట్టేస్తుంది. మొదట నూనె గలగలమంటుంది. రెండు నిమిషాలు దాటాక ఆ చప్పుడు సన్నబడుతుంది, బుడగలు చిన్నవవుతాయి. పైపొరలో తడి అయిపోయిందని నూనే చెబుతోందన్నమాట. ఎర్రబడగానే చిల్లుల గరిటెతో తీసి జాలీ మీద వేస్తాను. కాగితం మీద వేస్తే అడుగు భాగం దాని సొంత ఆవిరిలోనే నాని మెత్తబడుతుంది. గుడ్డు కలిపాం కాబట్టి లోపలి వేడి 71 డిగ్రీలు దాటాలి. మొదటి వాయిలో ఒక ఉండను విరిచి చూసుకుంటే మిగతా వాయిలకు లెక్క తెలిసిపోతుంది.

ఒక వాయికి మూడు నిమిషాలు, నూనె మళ్ళీ వేడెక్కడానికి రెండు నిమిషాలు. నాలుగు వాయిలకు 20 నిమిషాలు. అతిథులు వస్తే నువ్వు వంటింట్లోనే ఉండిపోతావు, వాళ్ళతో కూర్చునేదెప్పుడు అని నన్ను అడిగేవాళ్ళంతా ఈ 20 నిమిషాల గురించే బాధపడుతున్నారు. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. పిలిచినవాళ్ళను హాల్లో కూర్చోబెట్టి మనం పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే వాళ్ళకూ ఇబ్బందే. కానీ వాళ్ళు హాల్లోనే ఎందుకు ఉండాలి? పోయినసారి మా వదిన వాళ్ళు వచ్చినప్పుడు మొదటి వాయి వేస్తూ, "వదినా, మీరు ఇక్కడికే రండి, వేడివేడిగా తిందురు" అని పిలిచాను. "నన్ను కూడా పని చేయమంటావా ఏంటి?" అంటూ వచ్చారు. జాలీ మీద నుంచి ఒకటి తీసి కాగితంలో పెట్టి ఇచ్చాను. ఊదుకుంటూ కొరికారు. ఆ కరుక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. రెండో వాయి అయ్యేసరికి వెనకాలే మా అన్నయ్య, ఆయన వెనక పిల్లలు, అందరూ వంటింటి గుమ్మంలోనే. పిల్లల్ని మాత్రం పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబెట్టి అక్కడికే అందించాను, కాగే నూనె దగ్గర ముద్దు చేయకూడదు. కూర్చుని మాట్లాడాలనుకున్న మాటలన్నీ అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం.

అందరికీ ఒకేసారి పెట్టకపోతే మర్యాదగా ఉండదని ఇంకో మాట అంటారు. భోజనానికైతే ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఇవి భోజనానికి ముందు నోరూరించడానికి ఇచ్చేవి. ఆరుగురికి ఒక్కో వేడి ముక్క ఇచ్చి, ఐదు నిమిషాల్లో మిగతావాళ్ళకు ఇంకో వేడి ముక్క ఇవ్వడంలో అమర్యాద ఏముంది? పెద్దవాళ్ళకు మొదటి వాయి, పిల్లలకు రెండోది అనుకుంటే ఆ సమస్య కూడా తీరిపోతుంది.

ముప్పై మంది వస్తున్నారు, నిలబడి వేయించడం అయ్యే పని కాదు అంటే అప్పుడు వంటకమే మార్చుకోవాలి. వాంటన్ అనే పలచటి మైదా రేకుల్లో క్రీమ్ చీజ్, పీత కలిపి పెట్టి వేయించే క్రాబ్ రంగూన్ ఉంది. పేరులో రంగూన్ ఉన్నా ఇది 1950ల్లో అమెరికాలో ట్రేడర్ విక్స్ రెస్టారెంట్ల మెనూతో పేరు తెచ్చుకున్న వంటకం. దీని రేకు పలచగా, పొడిగా ఉంటుంది, లోపల జున్నులో కొవ్వు ఎక్కువ. అందుకే ఉండల కంటే ఇది ఎక్కువసేపు కరకరలాడుతుంది. మడిచేటప్పుడు లోపల గాలి లేకుండా అంచులు తడిపి గట్టిగా నొక్కాలి. గాలి మిగిలితే వేడికి ఉబ్బి పగిలి జున్నంతా నూనెలో పడుతుంది. వేయించాక 95 డిగ్రీల ఒవెన్‌లో జాలీ మీద, మూత లేకుండా, ఒక వరసగా పెడితే అరగంట గడిచిపోతుంది. నూనెలో వేయించడమే వద్దనేవాళ్ళు బ్రెడ్ పొడిని ముందే వెన్నలో దోరగా వేయించి, ఉండలకు అద్ది, 220 డిగ్రీల ఒవెన్‌లో 12 నుంచి 15 నిమిషాలు పెట్టవచ్చు. ఎయిర్ ఫ్రయర్ కూడా గాలి వేగంగా తిరిగే చిన్న ఒవెనే కాబట్టి అదే పద్ధతి. బాణలిలో వచ్చే పొరతో సమానం అనను, కానీ హాట్‌ప్యాక్‌లో మగ్గిన దానికంటే వందరెట్లు నయం.

ఇంకొక విషయం మీద నేను అసలు రాజీపడను. పిలిచేటప్పుడే అందరినీ అడుగుతాను, రొయ్యలూ పీతలూ పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఒకసారి నేను అడగలేదు. వచ్చినవాళ్ళలో ఒకరికి రొయ్యలు పడవని అప్పుడు తెలిసింది. పక్కన పీత రుచి వచ్చేలా తయారుచేసే క్రాబ్ స్టిక్స్‌తో చేసినవి కూడా ఉన్నాయి. ఇవి తెల్లచేపతో చేసినవే కదా, ఇందులో పీత లేదు, తినండి అని చెప్పబోయి, ఎందుకో ప్యాకెట్ తిప్పి చూశాను. పదార్థాల్లో పీత సారం అని స్పష్టంగా ఉంది. ఆ క్షణం నా చేతులు వణికాయి. పీత, రొయ్య లాంటివాటి ఎలర్జీకి ఎక్కువగా కారణమయ్యే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి నశించదు. బాగా వేయించాం కాబట్టి ఫర్వాలేదు అనుకోవడానికి లేదు. పీత వేగిన నూనెలో బంగాళదుంప వేసినా అది కూడా వాళ్ళకు ప్రమాదమే. క్రాబ్ స్టిక్స్‌లో చేప, గుడ్డు తెల్లసొన, గోధుమ పిండిపదార్థం కూడా ఉండవచ్చు. ఎలర్జీ ఉన్నవాళ్ళు వస్తున్నారని తెలిస్తే ఆ రోజు పీత పూర్తిగా మానేస్తాను. నలుగురు తింటుంటే ఒకరు దూరంగా కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు.

క్రాబ్ స్టిక్స్‌ను నేను చిన్నచూపు చూడను. రంగూన్‌లో అవి బాగానే కుదురుతాయి. వాటితో చేస్తే చేశానని చెప్పాలి, అంతే.

ఒలిచిన మాంసమైనా, చుట్టిన ఉండలైనా ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఎండాకాలం 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. నేను వాయికి సరిపడా ఆరు ఉండలే బయటికి తీస్తాను, మిగతావి ఫ్రిజ్‌లోనే ఉంటాయి. చల్లగా ఉన్న ఉండ నూనెలో విడిపోకుండా నిలబడుతుంది కూడా.

వదిన వాళ్ళు వచ్చిన రోజు నాలుగో వాయికి వచ్చేసరికి చిల్లుల గరిటె ఆవిడ చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నారో నేను చూడలేదు. "నువ్వు ఒక్కటి కూడా తిన్నట్టు లేవు, పక్కకు జరుగు" అన్నారు. జరిగాను. నూనె చప్పుడు సన్నబడే దాకా ఇద్దరం మాట్లాడకుండా విన్నాం. అప్పుడు ఆవిడ ఒకటి తీసి, జాలీ మీద ఒక్క క్షణం ఉంచి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు.